వణుకు పుస్తకం

అన్నయ్య పది లెక్కపెడితే లోకానికి పదిహేను అవుతుందని వదిన ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కరెంటు యార్డులో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ని చేత్తో ఆపాల్సి వస్తే ముందు కుడివైపు మీట దించాలి, పది లెక్కపెట్టాలి, ఆ తర్వాతే ఎడమవైపు మీట దించాలి. తొందరపడితే రెండో మీట దగ్గర నిప్పు ముఖం మీదికే లేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పనిలో ఉన్న అన్నయ్య నోట్లో ఆ పది బంకలా సాగిపోయింది.

ఆ పొద్దున పెరట్లో బట్టల తీగ చాలడం లేదని వదిన పోరుపెడితే, దాని ఒక కొస విప్పి అవతలి గోడకున్న కొక్కేనికి కట్టాడు అన్నయ్య. కట్టి, మధ్యలో పట్టుకు లాగి వదిలాడు. తీగ అటూ ఇటూ ఊగింది.

"ఒకటీ... రెండూ... మూడూ..."

"నీ పది అయ్యేలోపు బట్టలు ఆరి, మడతపెట్టి, మళ్ళీ మాసిపోతాయి," అంది వదిన.

"చూడవే పిచ్చుకా," అన్నాడు అన్నయ్య ఆమెను పట్టించుకోకుండా, చెల్లెలి వైపు తిరిగి. "పొట్టిగా ఉన్నప్పుడు గబగబా ఊగేది. ఇప్పుడు నిండు చూలాలు నడిచినట్టు నడుస్తోంది. తీగ బారు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది. కళ్ళు మూసుకుని ఊపు లెక్కపెట్టినా బారెంతో చెప్పేయొచ్చు."

గడపలో కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్న చెల్లెలు తలూపింది. ఆమెను ఇంట్లోనూ ఆఫీసులోనూ పిచ్చుక అనే పిలుస్తారు. సన్నగా ఉంటుందని కాదు. నలుగురున్న చోట గొంతు పిచ్చుకంత అయిపోతుంది కాబట్టి.

"ఇవాళ ఆలస్యంగా వస్తాను," అన్నాడు అన్నయ్య చేతులు కడుక్కుంటూ. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తనంతట తానే పడిపోయే స్విచ్చు ఉంది చూడు, దాన్ని విప్పుతున్నాం. తుప్పు పట్టింది. మళ్ళీ బిగించడానికి మూడు రోజులు."

"ఈ మూడు రోజులూ వేడెక్కితే ఎవరు ఆపుతారు?" అని అడిగింది వదిన.

"చేతి మీటలే దిక్కు. వేడెక్కడానికి ఏముందిప్పుడు? మీ ఆడపడుచు ఆఫీసువాళ్ళే కాగితం పంపారు, వారం పాటు సూర్యుడు ప్రశాంతం అని. అందుకే మా ఇంజనీరు ఒప్పుకున్నాడు. కింద దీని సంతకం కూడా చూశాను. పిచ్చుక కాలిముద్రలాగే ఉంది."

వదిన నవ్వింది. పిచ్చుక సిగ్గుపడి పళ్ళెంలోకి చూసింది. తన సంతకం చూసి ఎవరైనా ఒక పని చేస్తారని ఆమెకు అప్పటిదాకా తోచలేదు.

* * *

ఆమె పనిచేసే కేంద్రం తాళాల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది. అది ఒకప్పుడు రెండు గదులు. మధ్య గోడ కొట్టేసి ఒకటి చేశారు. నేల మీద గోడ ఉన్నచోట ఇంకా సిమెంటు గీత కనిపిస్తుంది. పైన రెండు ఫ్యానులు. కుడి ఫ్యానుకి ఒక లైను నుంచి, ఎడమ ఫ్యానుకి ఇంకో లైను నుంచి కరెంటు వస్తుంది. ఒకసారి అన్నం క్యారియరు ఇవ్వడానికి వచ్చిన అన్నయ్య అది కనిపెట్టి, "ఒక బిడ్డకి ఇద్దరు తల్లులు," అని నవ్వాడు. తలుపు పక్కన గాజుపెట్టెలో ఒక అయస్కాంత సూది వేలాడుతూ ఉంటుంది. రాకపోకలకి అదిరినా, అది చూపే దిక్కు మాత్రం మారదు.

ఆ గదిలో వాళ్ళు చేసే పని సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండడం. భూమి చుట్టూ తిరిగే ఒక పాత ఉపగ్రహం ఇరవై సెకన్లకొక బొమ్మ పంపుతుంది. సూర్యుడి ఒంటి మీద అయస్కాంత గీతలు ఒకచోట పైకి లేచి, వంగి, ఇంకోచోట దిగుతాయి. వేడి వాయువు వాటిని పట్టుకుని వెలుగుతుంది. చూడ్డానికి నిప్పు తీగలతో కట్టిన కమానుల్లా ఉంటాయి. ఒక్కో కమాను కింద మన భూమి లాంటివి ఒకటి కాదు, పది దొర్లించవచ్చు. కింద ఏదైనా అలజడి కలిగితే ఆ కమాను వెంట ఒక అల పరుగెడుతుంది. ఒక పాదం నుంచి రెండో పాదానికి వెళ్ళి తిరిగి వస్తుంది, కమాను మొత్తం అటూ ఇటూ ఊగుతుంది. అల వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిస్తే కమాను పొడవు, దాని అయస్కాంతం పట్టు ఎంతో లెక్కకు అందుతాయి. మామూలుగా అయితే నాలుగైదు ఊపులకి అల చల్లారిపోతుంది. చల్లారకపోతేనే భయం.

ఎందుకంటే ఒక్కోసారి కమాను సాగి సాగి తెగుతుంది. తెగితే అయస్కాంతం నిండిన వేడి మబ్బు ఒకటి ఊడి బయలుదేరుతుంది. అది వచ్చి భూమిని తాకిందంటే, వందల మైళ్ళ కరెంటు తీగల్లో ఎవరూ పంపని కరెంటు పారుతుంది. ఆ దొంగ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కడుపులో దూరి లోపల్నుంచి కాలుస్తుంది. నూనె మరిగి పెట్టె పగులుతుంది. పక్కన మనిషి ఉంటే, ఇక ఆ మనిషి ఉండడు.

కొలవడానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. బొమ్మలు తీసే ఉపగ్రహాన్ని అందరూ ముసలమ్మ అంటారు. లోపల దాన్ని నిలిపే చక్రం అరిగిపోయి కెమెరా వణుకుతుంది. అంచుల దగ్గర చూపు కూడా మసకబారింది కాబట్టి సూర్యుడి అంచును ఆనవాలుగా పెట్టుకోవడం కుదరదు. అందుకని బొమ్మలో అన్నిటికన్నా బాగా వెలిగే కమానుని ఎంచి, దాన్ని గుంజ అంటారు. ప్రతి బొమ్మనీ ఆ గుంజ ఒకేచోట ఉండేలా కంప్యూటరు జరుపుతుంది. ఎంత జరిపిందో ఆ అంకె వణుకు పుస్తకంలోకి పోతుంది. కుడికి జరిపితే కూడిక గుర్తు, ఎడమకి జరిపితే తీసివేత గుర్తు. అలా నిలబెట్టిన బొమ్మల మీద ఇద్దరు వేర్వేరుగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా మిగతా కమానుల ఊపు కొలుస్తారు. ఇద్దరి లెక్కా కలిస్తేనే పెద్దసారు సంతకం పెడతాడు.

మొదటి కొలత పిచ్చుకది. రెండోది అద్దాలక్కది. అద్దాలక్కకి మూడు జతల కళ్ళద్దాలు, ఒకటి చదవడానికి, ఒకటి చూడడానికి, ఒకటి మిగతా రెండూ వెతుక్కోవడానికి. గుంజ ఎంచే పని మాత్రం మొదట కొలిచేవాళ్ళది. ఆరు రోజుల కిందట సూర్యుడి నడిబొడ్డున, సరిగ్గా మనకు ఎదురుగా, ఒక పెద్ద కమాను వెలిగింది. దాన్ని మించిన వెలుగు బొమ్మలో లేదు. పిచ్చుక దాన్నే గుంజగా పెట్టింది.

* * *

"ముసలమ్మకి ఈ వారం వణుకు ఎక్కువైంది," అంది అద్దాలక్క ఆ రోజు పదిన్నరకి. "పక్క కమానులన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి అటూ ఇటూ ఒరుగుతున్నాయి. ఇంకా ఎంత వణుకు మిగిలిపోయిందో. నేనైతే ఆ ఒరుగుడు లెక్కలోంచి తీసేస్తున్నా."

"నేనూ తీసేశాను," అంది పిచ్చుక.

"పోనీలే, మన లెక్కలు కలుస్తాయి. పెద్దసారుకి కావలసింది అదేగా." అద్దాలక్క కళ్ళద్దాలు మార్చుకుంది. "కిందటేడు దెబ్బకి ఆయన రెండు లెక్కలు కలిసినా మూడోది ఎక్కడైనా దొరుకుతుందా అని చూస్తున్నాడు."

కిందటేడు పెద్దసారు ప్రమాదం అని కాగితం పంపితే ఆరు గంటలు కరెంటు ఆపేశారు. మబ్బు భూమి పక్కనుంచి వెళ్ళిపోయింది, ఏమీ కాలేదు. ఆ ఆరు గంటలూ ఆసుపత్రివాళ్ళు పడిన పాట్లు ఊరంతా చెప్పుకున్నారు. ఇప్పటికీ ఆయన బజారుకు వెళ్తే కూరగాయలవాడు, "ఏం సారూ, మీ సూర్యుడికి జ్వరం తగ్గిందా," అని అడుగుతాడు.

వారానికోసారి వణుకు పుస్తకం అచ్చు తీసి బీరువాలో పెట్టాలి. ఎవరూ చదవరు. రోగి మంచం పక్కన వేలాడే చీటీని చుట్టాలు చదవనట్టే. ఆ రోజు కాగితాలు కుట్టడానికి పిచ్చుక వాటిని బల్ల మీద పరిచింది. సూదిలోకి దారం ఎక్కిస్తూ ఊరికే పేజీ వైపు చూసింది.

గుర్తులు జడ పాయల్లా దిగుతున్నాయి. కూడికలు కొన్ని, తీసివేతలు కొన్ని, మళ్ళీ కూడికలు. వణుకుకి ఇంత తీరు ఉంటుందా? ఆమె సూది కింద పెట్టి లెక్కపెట్టింది. మొదటి రోజు పేజీలో ఆరు వరుసలు కూడిక, ఆరు వరుసలు తీసివేత. రెండో రోజూ అంతే, అక్కడక్కడా ఏడు. నాలుగో రోజు ఎనిమిది. ఆ రోజు పొద్దున పేజీలో పది, కొన్నిచోట్ల పదకొండు.

అరిగిన చక్రం ఎప్పుడూ ఒకే తాళంలో కొట్టుకుంటుంది. అది రోజురోజుకీ నెమ్మదించదు.

పైన రెండు ఫ్యానులూ తిరుగుతూనే ఉన్నాయి. స్టేషన్లో పక్క రైలు కదిలితే మన రైలే కదిలిందనుకుంటాం. ఇక్కడ అది తిరగబడింది. కదిలింది తమ రైలే. గుంజ కదలడం లేదని నమ్మి, గుంజతోపాటు సూర్యుణ్ణంతా అటూ ఇటూ లాగారు. మిగతా కమానులన్నీ కలిసి ఒరిగినట్టు కనబడింది అందుకే. వణికింది ముసలమ్మ కాదు. ఆరు రోజులుగా, ఒక్కసారి కూడా చల్లారకుండా, ఊగుతున్నది గుంజే.

ఆరు వరుసలంటే సగం ఊపు. మొత్తం ఊపు నాలుగు నిమిషాలు. ఇప్పుడది ఏడు నిమిషాలు కావస్తోంది. తీగ బారు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది, అన్న అన్నయ్య గొంతు పెరట్లోంచి ఇక్కడిదాకా వచ్చి పక్కన నిలబడినట్టయింది.

ఆమె గోడ గడియారం చూసింది. పదకొండుంబావు.

* * *

పెద్దసారు గదికి తలుపు లేదు, తెర ఉంది. ఆ తెర ముందు పిచ్చుక ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. చివరికి తెర కింద ఆమె కాళ్ళు చూసి ఆయనే పిలిచాడు.

"ఎవరది? లోపలికి రావడానికి ముహూర్తం కావాలా?"

ఆమె కాగితాలు ఆయన బల్ల మీద పెట్టింది. "తప్పు నాది సార్. గుంజ తప్పు పెట్టాను."

"గట్టిగా చెప్పు."

"గుంజ ఊగుతోంది. ఆరు రోజుల కొలతలన్నీ తప్పు సార్."

పెద్దసారు కాగితాలు చూడలేదు, ఆమె ముఖం చూశాడు. ఈలోపు అద్దాలక్క తెర పక్కకి లాగి లోపలికి వచ్చింది. "రెండో కొలత నాది. నేనూ అదే లెక్క ఇచ్చాను సార్."

"మరి ఇద్దరూ వేర్వేరుగా కొలిచామన్నారుగా?"

"వేర్వేరుగానే కొలిచాం," అంది అద్దాలక్క. "కానీ ఒకే గుంజకి కట్టి కొలిచాం. ఇద్దరు గుడ్డివాళ్ళు ఒకే కర్ర పట్టుకున్నట్టు."

పెద్దసారు కొత్త గుంజ పెట్టమన్నాడు. కమానుకి దూరంగా, ఎప్పుడూ చలించని ఒక చిన్న వెలుగుచుక్క ఉంది. పిచ్చుక దాన్ని గుంజ చేసి ఆరు రోజుల బొమ్మలూ మళ్ళీ నిలబెట్టింది. కంప్యూటరుకి అది గంటన్నర పని. ముగ్గురూ కంప్యూటరు తెర ముందు నిలబడి చూశారు.

ఇప్పుడు చుట్టుపక్కల ఏదీ కదలడం లేదు. పెద్ద కమాను ఒక్కటే తల ఊపుతోంది. అటూ ఇటూ, అటూ ఇటూ, వద్దు వద్దు అన్నట్టు. రోజులు గడిచేకొద్దీ ఆ వద్దు నెమ్మదిగా, బరువుగా, మరింత దూరం సాగింది.

"పొడవు పెరిగినట్టు కనబడట్లేదే," అన్నాడు పెద్దసారు. ఆయన గొంతులో ఆశ ఇంకా కొంచెం ఉంది. "మొదటి రోజు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది."

"మనకి ఎదురుగా లేస్తోంది సార్," అంది పిచ్చుక. "ఎదురుగా వచ్చే రైలు కదిలినట్టు కనపడదు కదా. పట్టాల అదురే చెప్పాలి."

"అయస్కాంతం పట్టు తగ్గినా అల నెమ్మదిస్తుంది."

"అది ఇంకా మంచిది కాదుగా సార్," అంది అద్దాలక్క.

పెద్దసారు కుర్చీలో కూర్చున్నాడు. కాగితం తీశాడు. ప్రమాదం అనే మాట రాసేముందు ఆయన కలం ఒకసారి ఆగింది. ఆ ఆగడంలో కూరగాయలవాడు ఉన్నాడు, ఆసుపత్రి ఉంది, కిందటేడంతా ఉంది. తర్వాత రాశాడు.

కాగితం కరెంటువాళ్ళ పెద్ద ఆఫీసుకి చేరేసరికి రెండయింది. మూడున్నరకి జవాబు వచ్చింది. గతంలో మీ మాట విని ఆరు గంటలు ఆపాం, ఈసారి ముందుగా ఆపేది లేదు. మబ్బు తగిలాక, మీరు చెప్పాక, అప్పుడు ఆపుతాం. యార్డులో మీటల దగ్గర మనిషిని ఉంచుతున్నాం.

మూడూ నలభైకి కమాను ఊగడం ఆగిపోయింది. ఆ నిశ్చలం చూసి అద్దాలక్క "హమ్మయ్య" అనబోయి మింగేసింది. తర్వాతి బొమ్మలో కమాను ఉంది. ఆ తర్వాతి బొమ్మలో ఉంది. దాని తర్వాత అది ఉన్నచోట నల్లటి ఖాళీ ఉంది, ఊడిన పంటి చోటులా.

పిచ్చుక వరండాలోకి వెళ్ళి అన్నయ్యకు ఫోను చేసింది.

"అన్నయ్యా, ఆ స్విచ్చు..."

"పదకొండింటికే విప్పేశాం. ముక్కలన్నీ గుడ్డ మీద పరిచాం, బొమ్మల కొలువులా ఉంది. ఏమైందే?"

పదకొండు. ఆమె గోడ గడియారం చూడడానికి పావుగంట ముందు. నిన్న చూసినా సరిపోయేది. మొన్న చూసినా సరిపోయేది.

"కాగితం తప్పు అన్నయ్యా. నేను సంతకం పెట్టిన కాగితం. మబ్బు రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తుంది."

అతని వెనక ట్రాన్స్‌ఫార్మర్ తేనెటీగల పెట్టెలా సన్నగా, ఒకే శ్రుతిలో పాడుతోంది. అన్నయ్య ఎప్పుడూ అంటాడు, ఆ పాట మారనంతకాలం దాని ఒంట్లో బాగున్నట్టే అని.

"సరే," అన్నాడు చివరికి. "ఇంటికొచ్చాక మాట్లాడదాం."

"మీటల దగ్గర ఎవరుంటారు రేపు?"

"ఇంటికొచ్చాక అన్నానుగా."

* * *

మర్నాడు పొద్దున వదిన ఎగతాళి చేయలేదు. అన్నయ్య బూట్లు తుడుస్తూ ఉంటే గోడకి ఆనుకుని నిలబడింది.

"వేరేవాళ్ళు ఎవరూ లేరా?"

"ఉన్నారు. వాళ్ళు గబగబా లెక్కపెడతారు." నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. "నువ్వేగా చెప్తావు, నా పది మీ పదిహేను అని. మీటల దగ్గర అదే మంచిది."

"అది పేలేదైతే? అప్పుడూ అలాగే సాగదీస్తావా?"

అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. పిచ్చుక రాత్రంతా ఏడ్చినట్టు ఆమె ముఖం చెబుతూనే ఉంది.

"ఒసే, ఇటు చూడు. గుంజ తప్పుచోట పాతావు, అంతే. గొడ్డు పారిపోయిందని గుంజ పాతినవాణ్ణి ఉరితీస్తారా? నీ ఆఫీసులో రెండు ఫ్యానులున్నాయి కదా. అవి మా యార్డులో రెండు మీటల లైన్లవే. నేను ఆపితే ముందు కుడిది ఆగుతుంది. నా పది అయ్యాక ఎడమది ఆగుతుంది. అలా ఆగితే నేను బాగున్నట్టు. రెండూ ఒక్కసారే ఆగితే..."

"ఆ మాట ఇంట్లో అనకు," అంది వదిన.

పెరట్లో గాలికి బట్టల తీగ నెమ్మదిగా ఊగుతోంది. దాని మీద ఆ రోజు వదిన ఏమీ ఆరేయలేదు.

* * *

పన్నెండు దాకా ఏమీ లేదు. కిటికీలోంచి ఎండ రోజూ పడినట్టే సిమెంటు గీత మీద పడింది. కింద దుకాణంలో ఎవరో తాళంచెవి అరగదీస్తున్నారు. పెద్దసారు పెద్ద ఆఫీసు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అద్దాలక్క మూడు జతల కళ్ళద్దాలూ బల్ల మీద వరుసగా పెట్టి ఏదీ పెట్టుకోకుండా ఉంది.

పన్నెండూ పదికి గాజుపెట్టెలో సూది కదిలింది.

ఎవరూ తలుపు తీయలేదు. ఎవరూ నడవలేదు. సూది ఎడమకి జరిగింది, అక్కడే వణికింది, ఇంకా జరిగింది. ఎవరో కనపడని మనిషి దాన్ని వేలితో తోస్తున్నట్టు.

"వచ్చింది," అన్నాడు పెద్దసారు. వెంటనే ఫోనులో, "హలో, హలో, కేంద్రం నుంచి మాట్లాడుతున్నా," అనడం మొదలుపెట్టాడు. అవతల ఎవరో ఉండమన్నారు. ఇంకెవరినో పిలుస్తామన్నారు.

పిచ్చుక తన ఫోనులో అన్నయ్యను పిలిచింది. ఒక్క మోతకే ఎత్తాడు.

"వచ్చింది అన్నయ్యా."

"తెలుస్తోంది. పాట మారింది."

ఆమెకూ వినబడింది. తేనెటీగలు లేవు. ఆ చోట ఒక బొంగురు గొంతు, గొలుసు కట్టిన జంతువు గుర్రుమన్నట్టు, లేస్తూ ఉంది.

"మీట దించు."

"పెద్ద ఆఫీసు నుంచి మాట రావాలి కదే. రాకుండా దించితే ఉద్యోగం..."

పెద్దసారు ఇంకా ఫోనులో తన పేరు, హోదా చెబుతున్నాడు. సూది పెట్టె అంచును తాకింది.

"నేను చెప్తున్నాను," అంది పిచ్చుక. ఆ గొంతు ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. పెద్దసారు మాట ఆపేసి తల తిప్పాడు. "నా సంతకం మీద విప్పారు. నా మాట మీద ఆపు. దించు అన్నయ్యా."

ఫోను నేల మీద పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు. తర్వాత ఇనుము మీద ఇనుము పడిన పెద్ద శబ్దం.

కుడి ఫ్యాను కరెంటు పోయి, రెక్కలు విడివిడిగా కనబడడం మొదలైంది.

"ఒకటి," అంది పిచ్చుక. "రెండు. మూడు."

ఫోనులో గుర్రు తగ్గలేదు. దాని కింద ఇంకో చప్పుడు, గిన్నెలో నీళ్ళు మరుగుతున్నట్టు. నాలుగు. ఐదు. ఎడమ ఫ్యాను జోరుగా తిరుగుతోంది. ఆరు. అద్దాలక్క ఆమె భుజం పట్టుకుంది. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"పది," అంది అద్దాలక్క.

ఎడమ ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"పది అయిపోయింది," అంది అద్దాలక్క మళ్ళీ, నెమ్మదిగా. పెద్దసారు కళ్ళు మూసుకున్నాడు.

"మన పది అయింది," అంది పిచ్చుక. "పదకొండు. పన్నెండు." ఫోనులో ఏదో బిగిసి కిర్రుమంది. "పదమూడు." ఆమె గొంతు మళ్ళీ పిచ్చుకంత అయిపోయింది. "పద్నాలుగు."

ఇనుము మీద ఇనుము పడింది.

ఎడమ ఫ్యాను ఊపు తగ్గింది. గుర్రు లేదు. దుకాణంలో అరగదీత కూడా ఆగింది. వీధి మొత్తం ఒక్కసారిగా మాట మరిచిపోయినట్టయింది. బ్యాటరీ మీద కంప్యూటరు తెరలు మాత్రం వెలుగుతున్నాయి. ఎడమ ఫ్యాను ఆఖరి చుట్టు తిరిగి నిలిచింది.

చాలాసేపటికి ఫోనులో ఊపిరి వినబడింది.

"ఫ్యానులు ఆగాయా?"

"ఆగాయి."

"ఒకదాని తర్వాత ఒకటేనా?"

"ఆ."

"మరైతే నేను ఉన్నట్టే," అన్నాడు అన్నయ్య. దగ్గాడు. "పెట్టె ఉబ్బింది. నూనె ఇంకా లోపల మరుగుతూనే ఉంది. గేటు బయటికి పోతున్నా. మీ వదినకి నువ్వే చెప్పు, నేను చెబితే సాగదీస్తున్నానంటుంది."

పిచ్చుక కుర్చీలో కూర్చుంది. పెద్దసారు ఫోనులో ఇప్పుడే ఎవరో పలికారు, ఏం సంగతి అని. ఆయన దాని వైపు చూసి, జవాబు చెప్పకుండా బల్ల మీద పెట్టేశాడు.

వదినకు ఫోను చేయబోతూ పిచ్చుక అలవాటు కొద్దీ తెర వైపు చూసింది. ముసలమ్మ ఇంకా బొమ్మలు పంపుతూనే ఉంది. నల్లటి ఖాళీకి పక్కన, నిన్నటిదాకా ఎవరూ లెక్కచేయని ఒక కమాను బాగా వెలుగుతోంది. తెగిన కమానుకన్నా వెడల్పుగా ఉంది. అదీ నడిబొడ్డుకి దగ్గరే.

ఆమె చుక్కకి కట్టిన బొమ్మలు తెరిచి, ఆ కమాను కొన మీద గుర్తు పెట్టుకుంటూ పోయింది. పుస్తకంలో కొత్త పేజీ తీసి వరుసగా రాసింది. కూడిక. కూడిక. కూడిక. కూడిక. కూడిక. కూడిక.

ఏడో బొమ్మ రావడానికి ఇంకా ఇరవై సెకన్లుంది. ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. బొమ్మ వచ్చింది. పిచ్చుక కొలిచింది, మళ్ళీ కొలిచింది, కలం దించి ఆ వరుసలో తీసివేత గుర్తు పెట్టింది.